ముక్కు పెట్టకూడని మొక్క

"ముక్కు పెట్టకు!"

అప్పటికే పెట్టేసింది.

నాలుగు నెలల తర్వాత ఎదురుపడ్డ అమ్మాయితో నేనన్న మొదటి మాట అది. అద్దం ముందు నిలబడి సాధన చేసిన తియ్యటి పలకరింపులన్నీ టేజు నదిలో కలిసిపోయాయి.

ఈఫా కుండీలోంచి ముఖం ఎత్తి బిత్తరపోయి చూసింది. "ఏమైంది? పురుగుందా?"

"లేదు. దీన్ని అరచేత్తో నిమిరి, ఆ చెయ్యి వాసన చూడాలి. ముక్కు తగిలితే చచ్చిపోతుంది."

"నా ముక్కు అంత విషమా, టెల్మో?"

ఆ మొక్క పేరు మంజెరికో, తులసికి వేలు విడిచిన చెల్లెలు. బంతిలా గుండ్రంగా, నెత్తిన ఓ కాగితం పువ్వు పెట్టుకుని ఉంటుంది. జూన్‌లో అంతోనీ పునీతుడి పండగకి మా లిస్బన్ కుర్రాళ్ళు దాన్ని మనసైన పిల్లకి ఇస్తారు. ఆ పిల్ల మళ్ళీ పండగదాకా దాన్ని బతికించాలి. బతికితే ప్రేమ నిలిచినట్టు. చస్తే ఏమిటన్నది ఎవరూ పైకి అనరు.

నేను ఇవేవీ చెప్పలేదు. "పండగకొచ్చిన వాళ్ళందరికీ ఇస్తాంలే, మర్యాద" అన్నాను. అంత పిరికివాణ్ణి.

పోయిన చలికాలం ఐర్లండులో, కార్క్ ఊళ్ళో, ఇద్దరం ఒకే బేకరీలో పిండి కలిపాం. నేను తిరిగొచ్చాక అంతా ఫోన్లోనే. ఇప్పుడు "టికెట్ చవగ్గా దొరికింది, రెండ్రోజులు మీ ఊరు చూసిపోతా" అంటూ శుక్రవారం దిగింది. ఊరు చూడ్డానికా, నన్ను చూడ్డానికా? ఆదివారం సాయంత్రం విమానం ఎక్కేలోగా అది తేలాలి. తేలకపోతే ఇంక నాకు కంటిమీద కునుకుండదు.

బస అల్ఫామా అనే పాతపేటలో, మా అమ్మమ్మ సెలెస్టీనా ఇంటి పైగదిలో. ఈఫా కుండీని ఆ గది కిటికీలో పెట్టింది.

శనివారం కోట ఎక్కాం. "నీళ్ళు పోశావా?" అన్నాను. ట్రామ్ ఎక్కాం. "ఎండ తగలకుండా కిటికీ వేశావా?" అన్నాను. వేడివేడి గుడ్డు పాలకోవా బిళ్ళ కొరికి ఆమె నోరు కాల్చుకుంటుంటే, "పొద్దున ఆకులెలా ఉన్నాయి?" అన్నాను.

ఈఫా బిళ్ళ పక్కన పెట్టింది. "ఏమయ్యా, నాకు ఊరు చూపిస్తున్నావా, ఆ మొక్క ఆరోగ్యం కనుక్కుంటున్నావా? దాన్నే తెచ్చి ట్రామ్‌లో కూర్చోబెట్టాల్సింది. నేను గదిలో పడుకునేదాన్ని."

"అది కాదు ఈఫా..."

"ఒక్క మొక్క చస్తే కొంపలంటుకుంటాయా?"

తేలిపోయింది, ఊరు చూడ్డానికే వచ్చింది. సన్నగా తుంపర మొదలైంది. అల్ఫామా మెట్లు దిగాం. సందు నిండా సార్డీన్ చేపలు కాల్చే పొగ. తలెత్తి చూస్తే కిటికీలో మొక్క మెడ వాల్చేసి ఉంది.

ఆదివారం పొద్దున్నే వానలో పరిగెత్తాను. పండగ దుకాణాల్లో మిగిలినవే తక్కువ. నేనిచ్చినదానికి పసుపు పువ్వు. అలాంటిది ఒక్కటే ఉంటే కొని చొక్కా కింద దాచాను. తెల్లారగానే ఆడపిల్ల గది తలుపు ఎలా కొడతాం? కాసేపు మూల కాఫీ కొట్లో కూర్చుని, అప్పుడు వెళ్ళాను.

గుమ్మంలో అమ్మమ్మ. "ఒరేయ్, చొక్కా కింద ఏంట్రా? ఆర్నెల్ల కడుపా?"

"ఈఫా ఏదీ?"

"వంటింట్లో తల ఆరబెట్టుకుంటోంది."

ఇదే అదును. రెండేసి మెట్లెక్కి గదిలోకి దూరాను. కిటికీలో మంజెరికో పచ్చగా, బొద్దుగా, నన్ను వెక్కిరిస్తున్నట్టు నిలబడి ఉంది. బతికేసింది! ఒళ్ళు తేలికైపోయింది.

అప్పుడు చూశాను. దాని నెత్తిన ఉన్నది ఎర్రపువ్వు.

"ఎండకి రంగు మారింది." గుమ్మంలో ఈఫా. జుట్టు తడి, బూట్ల నిండా బురద.

"వానలో ఎండా?"

"మా ఐర్లండు వాళ్ళ చేతిలో అంతే." నవ్వబోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నీళ్ళు ఎక్కువ పోసేశాను టెల్మో. ముక్కు పెట్టానన్న భయంతో పోస్తూనే ఉన్నా. నిన్న మనం బయల్దేరేటప్పటికే వాడిపోయింది. నువ్వు అడిగినప్పుడల్లా నా ప్రాణం పోయింది."

"ఒక్క మొక్కే కదా అన్నావు?"

"మరేమనమంటావు? మీ అమ్మమ్మ హోటల్లో పనిచేసి నేర్చిన ఇంగ్లిష్‌లో శుక్రవారమే నాకంతా చెప్పింది. మర్యాదట, మర్యాద! పొద్దున్నే ఊరంతా తిరిగాను. ఉన్న ఒక్క పసుపుదీ అప్పుడే ఎవడో పట్టుకుపోయాడట."

నేను చొక్కా పైకెత్తాను.

ఆమె పసుపు పువ్వుని చూసింది, నన్ను చూసింది. కళ్ళు తుడుచుకుంటూనే పకపకా నవ్వింది.

"ఈఫా, మర్యాద కాదు. నువ్వంటే ప్రేమ నాకు."

"హమ్మయ్య. నాకూ అంతే. ఊరు చూడ్డానికైతే ఇంకో ఊరు లేదా?"

కింద నుంచి అమ్మమ్మ కేక వినిపించింది. "రొట్టె చల్లారిపోతోంది, దిగండి! మీ తాత ఇచ్చిన మొక్కల్లో ఒక్కటీ బతకనివ్వలేదు నేను. కాపురం మాత్రం ఆయన పోయేదాకా చేశాను!"

సాయంత్రం విమానాశ్రయంలో ఎర్రపువ్వుది ఈఫా చేతిలో, పసుపుది నా చేతిలో ఉన్నాయి.

"నీది వాడితే?" అంది.

"నీకు తెలీకుండా కొత్తది కొనేస్తా."

"వద్దు. నాకు చెప్పు. నేను వచ్చేస్తా."

ఆమె నా మొక్కని నిమిరి, అరచెయ్యి నా ముక్కుకి ఆనించి, వెనక్కి చూడకుండా లోపలికి నడిచింది.

ఇంటికొచ్చి కుండీని బల్ల మీద పెట్టాను. కాసేపు చూశాను. తర్వాత వంగి, ఆకుల మధ్యకి ముక్కు పూర్తిగా దూర్చేశాను.