వెయిటింగ్ లిస్టులో మూడో పేరు

"మీకు నవ్వెలా వస్తోందండీ?"

ఆ అమ్మాయి నాతో అన్న మొట్టమొదటి మాట అది. ఒట్టు, నేను నవ్వలేదు. ఎయిర్‌పోర్టులో టికెట్ కౌంటర్ దగ్గర మూడేళ్ళు కూర్చుంటే మొహం అలా అతుక్కుపోతుంది.

నాలుగు రోజులుగా రెండు దేశాలు కొట్టుకుంటున్నాయి. అటువైపు ఆకాశం మూసేశారు. మిగిలిన ఫ్లైట్లు చుట్టు తిరిగి వెళ్ళాలి, ఇంధనం ధర చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి, దాంతో మా కంపెనీ ఉన్నవాటిల్లో సగం ఆపేసింది. జనం మాత్రం యుద్ధం నేనే మొదలెట్టినట్టు నన్ను తిట్టిపోస్తున్నారు.

"మా తమ్ముడు అక్కడ ఇరుక్కుపోయాడు. మూడుసార్లు డేట్ మార్చారు, మూడుసార్లూ క్యాన్సిల్. ఇంక మీ విమానమూ వద్దు, మీరూ వద్దు. రీఫండ్ ఇచ్చేయండి, వేరే కంపెనీలో కొంటాను."

"వేరేవాళ్ళవీ ఎగరట్లేదండీ..."

"మిమ్మల్ని సలహా అడిగానా? బొమ్మలా కూర్చుని బటన్లు నొక్కడమేగా మీ పని? నొక్కండి!"

వెనక క్యూలో ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. నొక్కేశాను.

నొక్కేముందు మేం ఒక మాట చెప్పాలి. రీఫండ్ తీసుకుంటే టికెట్ పోయినట్టే, రేపు స్పెషల్ ఫ్లైట్ వేసినా లిస్టులో పేరు రాదు అని. రోజుకి వందసార్లు చెప్పే మాట. ఆమెకి చెప్పలేదు. మర్చిపోయి కాదు, కావాలనే.

మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి మెసేజ్ వచ్చింది. ఆకాశం నాలుగు గంటలు తెరుస్తున్నారు, అక్కణ్ణించి మధ్యాహ్నం ఒకే ఒక్క ఫ్లైట్. మళ్ళీ ఎప్పుడో ఎవరికీ తెలీదు. లిస్టు పైనుంచి కిందిదాకా రెండుసార్లు చూశాను. వాళ్ళ తమ్ముడి పేరు లేదు.

నేను ఫోన్ చేసేలోపే ఆమె పరుగెత్తుకొచ్చింది. పళ్ళ డాక్టరట. తెల్లకోటు కూడా విప్పలేదు.

"తమ్ముడున్న హోటల్లో అందరికీ మెసేజ్ వచ్చిందట, మా వాడికి తప్ప. నిన్న వాళ్ళ పక్క వీధిలో బాంబు పడిందండీ. ఒక్కసారి చూడరూ, ప్లీజ్..."

నిన్నటి గొంతు కాదు అది. నాకు తల ఎత్తాలనిపించలేదు.

"రీఫండ్లన్నీ పదకొండింటికి బ్యాంకుకి వెళ్ళిపోతాయి. ఈలోపు వెనక్కి లాగాలి. రండి!"

మా సూపర్‌వైజర్ మేడమ్ కళ్ళద్దాలు పైకి తోసుకుంది. "ప్యాసింజర్ మనసు మార్చుకున్నారంటే హెడ్డాఫీసు పర్మిషన్ కావాలి. అది వచ్చేసరికి సాయంత్రం. స్టాఫ్ పొరపాటైతే నేనే సంతకం పెట్టచ్చు. కానీ నీకు మెమో ఖాయం, ఈ ఏడాది ప్రమోషన్ గోవిందా. ఆలోచించుకో."

"పొరపాటు నాదే మేడమ్," అని రాసిచ్చేశాను.

పదకొండుకి పది నిమిషాలుండగా టికెట్‌కి ప్రాణం వచ్చింది. కానీ పేరు లిస్టు అడుగున పడింది. వెయిటింగ్, మూడు.

"సీట్లు లేవా?" అంది.

"ఉన్నాయి. చుట్టుదారి కదా, ఇంధనం ఎక్కువ మోయాలి. ఆ బరువుకి ముప్ఫై సీట్లు ఖాళీగా వదిలేస్తారు. గాలి అనుకూలిస్తే ఒకటో రెండో ఇస్తారు."

ఆమె నా పక్క కుర్చీలో కూలబడింది. "పాపం, నా మూలంగా మీకు మెమో."

ఆ 'పాపం' విన్నాక ఇంక ఆగలేకపోయాను. అంతా చెప్పేశాను. మర్చిపోలేదని, కోపంతో కావాలనే చెప్పలేదని.

ఆమె నన్నే చూసింది. తిడుతుందనుకున్నాను, తిట్టినా బావుండేది. లేచి వెళ్ళి ఆ చివర కుర్చీలో, నాకు వీపు పెట్టి కూర్చుంది.

పదకొండున్నరకి అక్కడి మా ఎయిర్‌పోర్టు ఆఫీసు నుంచి ఫోన్.

"గాలి బాగుంది. రెండు సీట్లు వదిలాం."

రెండు. మావాడు మూడు. ఫోన్ పెట్టేయనివ్వలేదు నేను.

"ఆగండాగండి! వెయిటింగ్ ముగ్గురూ లగేజీ లేకుండా ఎక్కితే? ముగ్గురి పెట్టెల బరువు కలిపితే ఇంకో మనిషి బరువు అవుతుందిగా!"

అటువైపు కాలిక్యులేటర్ చప్పుడు. "...అవుతుంది. ముగ్గురూ ఒప్పుకోవాలి. ఐదు నిమిషాలు."

"డాక్టరుగారూ!" అని అరిచాను. "మీ తమ్ముడికి ఫోన్ చేయండి. పాస్‌పోర్టు తప్ప అన్నీ అక్కడే వదిలేయమనండి!"

ఆమె ఫోన్లో కేకలు. "ల్యాప్‌టాప్ గీప్‌టాప్ జాన్తా నై! వదిలేయరా వెధవా, నువ్వు రా చాలు!"

మిగతా ఇద్దరూ కూడా ఒప్పుకున్నారు. ఎక్కారు. విమానం లేచింది. ఫోన్లో మ్యాపు మీద ఆ చిన్న గుర్తు చుట్టూ తిరిగి, తిరిగి, నత్తలా పాకుతుంటే ఆరు గంటలు ఇద్దరం చెరో చివరా కూర్చుని చూశాం. నా డ్యూటీ రెండింటికే అయిపోయింది. ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు.

సాయంత్రం ఏడింటికి వాడు హోటల్ చెప్పులేసుకుని, చేతులూపుకుంటూ బయటికొచ్చాడు. ఆమె వాణ్ణి పట్టుకుని భోరుమంది. నేను దూరంగా స్తంభం పక్కన నిలబడ్డాను. ఇంక నాకేం పని, చల్లగా జారుకుందామని వెనక్కి తిరిగాను.

"ఏవండీ, కౌంటర్ ఆయన మీరేనా?" తమ్ముడు నా ముందుకొచ్చేశాడు.

"సారీ అండీ, మీ విషయంలో..."

"అది అక్క చెప్పింది. విమానం ఎక్కేదాకా ఫోన్లో మిమ్మల్ని తిడుతూనే ఉంది. నాకో డౌటు." వాడు అక్కవైపూ నావైపూ చూశాడు. "మా అక్క ఇంట్లోవాళ్ళని తప్ప ఇంకెవర్నీ అంతసేపు తిట్టదండీ."

కాదంటుందేమోనని ఆమెవైపు చూశాను. చెవులదాకా ఎర్రబడి, ముక్కు తుడుచుకుంటోంది.

"వాగింది చాలు, నడవరా ఇంటికి," అంది వాడితో.

రెండడుగులు వేసి ఆగింది.

"మిమ్మల్ని వేరే పిలవాలా? మీరూ నడవండి."