తలుపు గుర్తుపట్టని పెళ్లికూతురు

కల్యాణ మండపం తలుపు పెళ్లికూతురిని లోపలికి రానివ్వలేదు.

మందాకిని అరచేతిని మళ్లీ తలుపుకున్న చర్మవేది పలక మీద ఆనించింది. చెవికి వినబడని ధ్వని చేతిలోకి దూరి, చర్మం ఎక్కడెంత మందమో కొలుచుకుని వచ్చింది. "క్షమించాలి. మీరెవరో మాకు తెలియదు," అంది తలుపు మర్యాదగా.

తండ్రి కోటిలింగానికి ముచ్చెమటలు పోశాయి. కాకినాడలో తాళాలూ కార్డులూ పోయి, ప్రతి తలుపూ చర్మం మందాన్ని బట్టే మనిషిని పోల్చుకునే కాలమిది. ఆ చర్మవేదిని కనిపెట్టింది తనే. ఎండనీ, చలినీ, వయసునీ కూడా లెక్కలోకి తీసుకున్నాడు. తీరా చూస్తే సొంత కూతురి ముహూర్తమే దాటిపోయేలా ఉంది. మగపెళ్లివారు ముందే లోపలికి వెళ్లిపోయారు. ఆడపెళ్లివారిలో తనని తప్ప ఒక్కరినీ తలుపు ఒప్పుకోవడం లేదు.

"అక్కా, నిన్న వీళ్లనేం చేశావే?" అన్నాడు అనుమానంగా.

"ఏం చేస్తానురా, నలుగు పెట్టాను," అంది వరహాలమ్మ. "ఈ కాలం వాళ్లలా బుగ్గకింత రాసి ఊరుకుంటాననుకున్నావా? శనగపిండిలో బియ్యపు రవ్వ కలిపి, అరచేతులతో సహా ఒళ్లు అద్దంలా మెరిసేదాకా రుద్దాను. వచ్చిన చుట్టాలతో సహా ఇంటిల్లిపాదికీను! నువ్వే దొరక్కుండా పారిపోయావు."

మట్టితోపాటు చర్మం పైపొర కూడా వదిలిపోయిందన్నమాట. కోటిలింగం నెత్తి పట్టుకున్నాడు. అది మళ్లీ మందమెక్కాలంటే వారమైనా పడుతుంది. తలుపు తనొక్కణ్ణే రానిస్తుంది. ఒక చేతికి ఒక్క మనిషేనన్న నియమం పెట్టిందీ ఈ మహానుభావుడే.

అంతలో తలుపు తెరుచుకుంది. పెళ్లికొడుకు భార్గవ బాసికంతో సహా బయటికి వచ్చేశాడు. వెనకే పురోహితుడూ, సన్నాయి మేళమూ రాగానే తలుపు మళ్లీ మూసుకుపోయింది.

"దానికి తెలియకపోతే పోనివ్వండి మావయ్యగారూ. నాకు తెలుసు కదా," అన్నాడు నవ్వుతూ.

పీటలు రోడ్డు మీదే వాల్చారు. జీలకర్ర బెల్లం పెట్టే వేళకి బస్సు ఆపి జనం దిగారు, బజ్జీల బండి ఆయన మూకుడు దింపి వచ్చాడు. పిలవని వాళ్లకి ఈ ఊళ్లో ఏ పెళ్లి తలుపూ తెరుచుకోదు. అందుకే కాబోలు, అందరూ ఒకటే సంబరం. అక్షింతలు చాలకపోతే ఎదురు మేడల వాళ్లు బియ్యమూ పసుపూ పట్టుకొచ్చారు. ఎవరెవరో ముక్కూ మొహం తెలియని వాళ్లు తన కూతురిని దీవిస్తుంటే, కోటిలింగం ఆనందం పట్టలేక ఏడ్చేశాడు.

ఆ మరుసటి నెల నుంచి వరహాలమ్మకి తీరికే లేదు. ఊళ్లో ఎవరింట పెళ్లయినా నలుగు పెట్టడానికి ఆవిడ రావాల్సిందే.

"బాగా రుద్దండి అత్తయ్యగారూ," అంటున్నారు పెళ్లికూతుళ్లు. "తలుపు తెరుచుకోకూడదు!"