తొడ వెనుక గాయం

"మా బాపును పోలీసులు తీస్కపోయిన్రు మేడం. మనిషిని పొడిచిండట. మా బాపు కోడిని సుత కొయ్యడు."

కుర్చీ చూపించినా ప్రశాంతి కూర్చోలేదు. చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ గుమ్మం దగ్గరే నిలబడింది. సుమిత్రమ్మ లేచి వెళ్లి, ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి తీసుకొచ్చి కూర్చోబెట్టింది.

సుమిత్రమ్మ చాలా ఏళ్లు హైదరాబాదులో వైద్య విద్యార్థులకు శరీర నిర్మాణ శాస్త్రం చెప్పింది. రిటైరయ్యాక సొంతూరు సిద్దిపేటకు వచ్చి, రెండు గదులు కిరాయికి తీసుకుని ప్రైవేటు డిటెక్టివ్‌గా పని మొదలుపెట్టింది. అసిస్టెంటు జయరాజ్ అంతకుముందు ఫొటోగ్రాఫర్. మేడం చూసినట్టు తన కెమెరా కూడా చూడలేదని అందరితో చెబుతుంటాడు.

"మొదటి నుంచి చెప్పు బిడ్డా" అంది సుమిత్రమ్మ.

ప్రశాంతి తండ్రి దేవరాజు బెజ్జంకి దగ్గర భూపతి అనే రైతు మామిడితోటలో పని చేస్తాడు. మొన్న పొద్దుగూకే వేళ ఊళ్లోంచి తోటకు తిరిగి వస్తుంటే కల్వర్టు మీద భూపతి మేనల్లుడు సంతోష్ నెత్తురు మడుగులో కనిపించాడు. ఎడమ తొడ వెనుక గాయం. దేవరాజు అతణ్ణి నేల మీద బోర్లా పడుకోబెట్టి, తువ్వాల మడిచి గాయం మీద పెట్టి, సిద్దిపేట దవాఖాన చేరేదాకా ఆటోలో రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. తెలివి వచ్చాక సంతోష్ చెప్పిన మొదటి మాట, దేవరాజే పొడిచాడని.

"పొడిచినోడు దవాఖాన దాకా ఎందుకొస్తడు?" అన్నాడు జయరాజ్.

"సస్తడేమోనని భయపడి తెచ్చిండట. ఎస్సై సారు గట్లనే అంటుండు."

"ఇద్దరికీ పాత కొట్లాట ఏమన్న ఉన్నదా?"

"భూపతి పటేలు ఈ ఏడు తోట మా బాపుకు కౌలుకిస్త అన్నడు. సంతోష్‌కు అది నచ్చలే. చెట్లు కొట్టేసి ప్లాట్లు చేద్దామని ఆయన జిద్దు. కానీ మా బాపు ఎన్నడూ ఎదురు మాట్లాడలే మేడం."

సుమిత్రమ్మ చెప్పుల కోసం చూసింది. "కారు తియ్యి జయరాజ్."

దవాఖానలో సంతోష్‌కు ఆపరేషన్ చేసిన డాక్టర్ మైత్రి ఒకప్పుడు సుమిత్రమ్మ శిష్యురాలు. రోగి ఒప్పుకుంటేనే మాట్లాడతానంది. సంతోష్ వెంటనే ఒప్పుకున్నాడు.

"ఏమన్న అడుగున్రి, ఏమన్న చూడున్రి. నాకు దాసుకునేది ఏమున్నది?"

"దెబ్బ తగిలినప్పుడు నువ్వు ఎట్లున్నవ్? కూసున్నవా, వంగినవా?"

"రెండూ కాదు. తోట పక్క బాటల సక్కగ నడుస్తున్న. ఎనుకకెళ్లి వచ్చి పొడిచిండు. తిరిగి చూస్తే దేవరాజు."

"తర్వాత?"

"కల్వర్టు దాకా పోయి గాడ కూసున్న. కూసున్నంక నెత్తురు ధార కట్టింది. కండ్లు తిరిగినయ్."

"అప్పటిదాక కారలేదా?"

సంతోష్ దుప్పటి సవరించుకున్నాడు. "కారింది కావచ్చు. అంతగ యాదికి లేదు."

సుమిత్రమ్మ అతణ్ణి ఎడమ పాదం పైకి ఎత్తమంది. ఎత్తాడు. వేళ్లు ఆడించమంది. ఆడించాడు. సుమిత్రమ్మ ముఖంలో నిజమైన సంతోషం కనిపించింది. "తుంటి నరం బతికింది. నీది గట్టి అదృష్టం."

వరండాలోకి వచ్చాక మైత్రి ఆపరేషన్ సంగతి చెప్పింది. "బోర్లా పడుకోబెట్టి, కాలు చాపి తెరిచిన మేడం. చర్మం మీద గాయం తొడ వెనుక నడిమిట్ల ఉన్నది. కండరంల గాయం దాని కిందనే ఉంటదనుకున్న. లేదు. మూడు వేళ్ల మందం మోకాలి దిక్కుకు దొరికింది. లోతుల ఉండే ధమని కొమ్మ ఒకటి తెగింది. తొడంత నెత్తురు గడ్డ కట్టి ఉన్నది. నరం వెంట్రుకవాసిల తప్పింది."

"గాయంల ఇంకేమన్న దొరికిందా?"

"చిన్న ఆకుపచ్చ పెచ్చు. ఆకు ముక్కనుకున్న. సీసల పెట్టించిన."

మధ్యాహ్నానికి సుమిత్రమ్మ, జయరాజ్ తోట చేరుకున్నారు. భూపతి దగ్గరుండి చూపించాడు. సంతోష్ చెప్పిన బాటంతా వెతికినా నెత్తురు మరక లేదు. కల్వర్టు మీద మాత్రం పెద్ద నల్లటి మరక. సుమిత్రమ్మ తోట వెనుక గేటు దగ్గర ఆగింది. మనిషి ఛాతీ ఎత్తు ఇనుప గేటు, ఆకుపచ్చ రంగు, పైన బల్లెం మొనల్లాంటి ఊచలు. లోపల నాలుగడుగుల్లో డ్రిప్ మోటారు గది. ఒక మొన మీద రంగు లేచిపోయి ఉంది. గేటు లోపలి గడ్డిలో జయరాజ్‌కు ఒక కటింగ్ ప్లేయర్ కనిపించింది.

"ఇది తోటదేనా?"

"మాది కాదమ్మా" అన్నాడు భూపతి. "మా ప్లేయర్ గదిలనే ఉంటది."

జయరాజ్ ఫొటోలు తీశాడు. సుమిత్రమ్మ దేన్నీ ముట్టుకోకుండా ఎస్సై నాగయ్యకు ఫోన్ చేసింది.

మరునాడు పొద్దున సంతోష్ గదిలో అందరూ చేరారు. భూపతి కిటికీ దగ్గర, మైత్రి మంచం పక్కన నిలబడ్డారు. తలుపు దగ్గర కానిస్టేబుల్ పక్కన దేవరాజు తల దించుకుని ఉన్నాడు. ప్రశాంతి ఆయన చెయ్యి వదల్లేదు.

"నాగయ్య గారూ, ఒక చిన్న పని చెయ్యున్రి" అంది సుమిత్రమ్మ. "మీ అరచెయ్యి తొడ వెనుక పెట్టుకొని, ఆ కాలు స్టూలు మీదికి ఎత్తున్రి."

ఎస్సై మొహమాటపడుతూనే ఎత్తాడు.

"లోపల ఏమన్న తెలుస్తుందా?"

"కండ జరుగుతున్నదమ్మా. పైకి పోతున్నది."

"అదే ఈ కేసు" అంది సుమిత్రమ్మ. చెబుతున్నకొద్దీ ఆమె గొంతులో పాత క్లాసురూము హుషారు వచ్చింది. "తొడ వెనుక మూడు పెద్ద కండరాలుంటయి. మనం కూసుంటే నేలకు ఆనే ఎముక దగ్గర మొదలై, మోకాలు దాటి కింది ఎముకలను పట్టుకుంటయి. తుంటినీ మోకాలినీ రెండింటినీ నడిపేటివి అవే. కాలు మడిచి ఎత్తితే చర్మం కింద అవి పైకి జారుతయి, చాపితే కిందికి దిగుతయి. నడిచేటోన్ని ఎనుక నుంచి పొడిస్తే చర్మంల బొక్క, కండల బొక్క ఇంచుమించు ఒక్క తాననే ఉండాలె. ఇక్కడ కండల గాయం మూడు వేళ్లు కిందికి ఉన్నది. అంటే దెబ్బ తగిలినప్పుడు కండ పైకి జరిగి ఉన్నది. కాలు బాగ మడిచి, ఎత్తుకు లేపి ఉన్నది."

"అంటే ఏం చేస్తున్నట్టు?" అన్నాడు భూపతి.

"గేటు ఎక్కుతున్నట్టు."

సంతోష్ దుప్పటిని గుప్పిట్లో పట్టుకున్నాడు.

"గేటు మీద కాలు వేసిండు, జారింది. కింది నుంచి మొన దిగింది, చేతిల ప్లేయర్ లోపలి గడ్డిల పడ్డది. కాలు గుంజుకొని బయటి దిక్కు దుంకిండు. కాలు చాపంగనే కండ కిందికి దిగి బొక్కను మూసేసింది. నెత్తురు లోపలనే గడ్డ కట్టింది. అందుకే గేటు కాడ, బాటల మరక లేదు. కుంటుకుంట కాలు పెద్దగ మడవకుండ కల్వర్టు దాకా పోయిండు. అక్కడ కూసున్నడు. కాలు మళ్ల అదే తీరుగ మడిచిండు. రెండు బొక్కలు ఒక్క తాన కలిసినయ్, నెత్తురు ధార కట్టింది. ఆ మాట తనే నాతో చెప్పిండు."

మైత్రి తనలో తానే నవ్వుకుంది. తన చేతులతో కుట్టిన గాయమే అయినా ఆమెకు ఇది తట్టలేదు.

నాగయ్య గొంతు సవరించుకున్నాడు. "గాయంల దొరికిన పెచ్చు, గేటు రంగు పక్కపక్కన పెట్టి చూసినం. ఒక్కతీరుగున్నయి. ల్యాబుకు పంపినం. గడ్డిల దొరికిన ప్లేయర్ ఈయన బండి టూల్ కిట్టుదే."

"మోటారు వైర్లు కత్తిరిస్తే లేత మామిడి మొక్కలు ఎండుతయి" అంది సుమిత్రమ్మ మెల్లగా. "దేవరాజు తోట చూసుకోలేదని పేరొస్తది, కౌలు పోతది. గేటు మోసం చేసింది గాని, నేరం ఆయన మీదికి నూకే అవకాశం దొరికింది. అంతేనా సంతోష్?"

భూపతి మేనల్లుడి వైపు తిరిగాడు. "చెప్పురా."

సంతోష్ దుప్పటి వదిలేశాడు. "కండ్లు తెరిచేసరికి ఆయన అంగి నిండ నెత్తురున్నది. ఎట్ల తగిలిందని అందరు అడుగుతున్రు. నోటికి ఆయన పేరే వచ్చింది మామా."

"నెత్తురు నీదేనాయె" అన్నాడు భూపతి.

"ఇంకొక మాట" అంది మైత్రి. "దేవరాజు కల్వర్టు మీది నుంచి దించి, కాలు చాపి పండబెట్టి అదమకపోతే ఈ పేషెంట్ నా దాకా వచ్చేటోడు కాదు."

నాగయ్య కానిస్టేబుల్‌కు సైగ చేశాడు. కాగితాల పని ఉంటుందని, కానీ దేవరాజు ఇక ఇంటికి పోవచ్చని చెప్పాడు. తండ్రి భుజం మీద ముఖం దాచుకుని ప్రశాంతి ఏడ్చింది. జయరాజ్ కెమెరా పైకెత్తి, మళ్లీ దించేశాడు.

దేవరాజు మంచం దగ్గరికి వచ్చాడు. సంతోష్ ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

"డాక్టరమ్మా, కాలు మంచిగ నడుస్తదా?"

"నడుస్తది. కొన్ని నెలలు పడుతది."

దేవరాజు తల ఊపాడు. గోడవైపు తిరిగిన సంతోష్ భుజాలు కదలడం మొదలయ్యాయి. దేవరాజు జారిపోయిన దుప్పటిని అతని పాదాల మీదికి లాగాడు. తర్వాత భూపతి వైపు చూశాడు.

"పటేలా, నన్ను తీస్కపోయిన కాన్నుంచి మోటారు పెట్టినోళ్లు లేరు. లేత మొక్కలు వాడిపోతయి. నేను తోటకు పోత."

"నీ తోటనే గదా, పో" అన్నాడు భూపతి.