మాస్టరు గీయించిన పట్నం

ఆదివారం... అమావాస్య... మిట్టమధ్యాహ్నం!

అర్ధరాత్రికి మాత్రమే భయపడేవాళ్లకు మధ్యాహ్నం సంగతి తెలియదు. మనిషి నీడ అరికాళ్ల కిందికి ముడుచుకుపోయే ఆ కాసేపు దయ్యాలదేనని పెద్దలు ఊరికే అనలేదు. ఆ రోజు నడినెత్తిన ఉండాల్సిన సూర్యుడు కూడా లేడు. వైశాఖపు ఎండను మింగేసి హనుమకొండ మీద కారుమేఘాలు కమ్ముకున్నాయి. పద్మాక్షి గుట్ట వెనక ఉరుములు దొర్లుతున్నాయి. పట్టపగలు... బస్టాండు వెనక సందులోని పాత మేడ పిట్టగోడ మీద ఒక గుడ్లగూబ వాలి కూసింది!

ఆ మేడ పై అంతస్తులో త్ర్యంబకం బజ్జీలు వేయిస్తున్నాడు.

చూడగానే డోకు వచ్చే మనిషి. వేళ్ల సందుల్లో తామర, గోళ్ల కింద ఏళ్లనాటి జిడ్డు, నోరు తెరిస్తే చచ్చిన ఎలుక వాసన. ఆ వాసన తెలియకుండా అత్తరు పూసుకునేవాడు. అత్తరూ ఎలుకా కలిసిన వాసన ఇంకా ఘోరం. ఆ బజ్జీల నూనెలో అతడు కలిపిందేమిటో తెలుసా... శ్మశానంలో సగం కాలిన శవాల నుంచి పట్టి తెచ్చిన కొవ్వు!

ఇంత నీచుణ్ణి కుర్రకారు "మాస్టర్ సార్" అని పిలిచేవాళ్లు. గేమ్ మాస్టరన్నమాట. బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథల ఆట అది. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర వేస్తారు. "నేను తలుపు తీస్తున్నాను", "నేను కత్తి దూస్తున్నాను" అని ఎవరి పాత్ర చేసేది వాళ్లు నోటితో చెప్పాలి. అది నెరవేరిందో లేదో డైస్ తేలుస్తుంది. మాస్టరు తన ముందు అట్ట తెర ఒకటి నిలబెట్టుకుని, కథలోని రహస్యాలను దాని చాటున దాచుకుంటాడు. త్ర్యంబకం ఆ తెర చాటున దాచుకున్నది వేరు... కపాలం! నూనె పట్టి పచ్చబడిన ఆడమనిషి కపాలం!

అందులో రక్తజిహ్వ అనే క్షుద్రశక్తి నివసిస్తోంది. దానికి ఒళ్లు లేదు. వయసులో ఉన్న ఆడపిల్ల ఒళ్లు ఇప్పిస్తే జీవితాంతం దాసీగా పడి ఉంటానని త్ర్యంబకానికి మాటిచ్చింది. ఒకటే మెలిక. ఎత్తుకొచ్చిన ఒళ్లు దానికి పనికిరాదు. ఎవరికి వారు, తమ నోటితో, "నేను ఇచ్చాను" అనాలి. పేరు ఇవ్వాలి, నీడ ఇవ్వాలి, చివరికి ప్రాణం ఇవ్వాలి. బుద్ధి ఉన్న మనిషి ఎవరైనా అలా అంటారా? అదే తెలియక త్ర్యంబకం ఏళ్లతరబడి శ్మశానాల్లో దోమలు కొట్టుకున్నాడు. ఒకనాడు టీ కొట్టు దగ్గర నలుగురు పిల్లలు ఈ ఆట గురించి మాట్లాడుకోవడం విన్నాడు. ప్రాణాలు ఇచ్చాం, ఆత్మలు ఇచ్చాం అంటూ పగలబడి నవ్వుకుంటున్నారు! వెతకబోయిన తీగ కాలికి తగిలింది. నెల తిరక్కుండానే అద్దె మేడలో గేమ్ క్లబ్బు పెట్టేశాడు.

ఆ వలలో పడిన చేప దీప. చౌరస్తాలో స్టీలు సామాన్ల వ్యాపారి కూతురు, ఒక ఆఫీసులో ఉద్యోగం చేస్తోంది. కాలేజీలో ఉండగా ఫోన్లో వీడియో గేములతో మొదలుపెట్టి ఈ కథల ఆట దాకా వచ్చింది. ఆటలో ఆమె అగ్నిశిఖ అనే యోధురాలు. కోట తలుపు తెరవాలంటే పేరు ఇమ్మన్నాడు మాస్టరు. అగ్నిశిఖే కదా ఇచ్చేదని దీప నవ్వుతూ ఇచ్చింది. మరో ఆదివారం వంతెన దాటడానికి నీడ ఇచ్చింది. ఆటలో మాటే కదా!

అప్పటి నుంచి దీప దీపలా లేదు. ఎవరైనా పేరు పెట్టి ఒకటికి రెండుసార్లు పిలిస్తేగాని పలకదు. ఎండలో నిలబడితే నేల మీద నీడ పలచగా, కడిగిన మరకలా పడుతోంది. ఇంట్లో గుడ్డు కూడా వండరు. అలాంటి పిల్ల ఒక పొద్దున మటన్ కొట్టు ముందు నిలబడి, కొక్కానికి వేలాడుతున్న పచ్చి కాలేయాన్ని చూస్తూ చొంగ కార్చుకుంది. అటుగా వెళుతూ కొమురెల్లి ఆ దృశ్యం చూశాడు. చెయ్యి పట్టి పక్కకు లాగితే, నేనిక్కడికి ఎప్పుడొచ్చాను అని అడిగింది. ఆఫీసు పని ఎక్కువై ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాడా అమాయకుడు.

కొమురెల్లి ఆమెకు కాలేజీ స్నేహితుడు, ఈ ఆటలో జోడీ. సెల్ ఫోన్లు బాగుచేసే కొట్టు నడుపుకుంటాడు. ఈ ఆటంటే అతనికి పిచ్చి. గిరాకీ లేనప్పుడు కూర్చుని కోటలూ సొరంగాలూ నక్షాలు గీస్తాడు, గోరంత బొమ్మలకు కంటిపాపలతో సహా రంగులు వేస్తాడు. ఆ చెయ్యి వాళ్ల వంశంలో ఉంది. పరకాల దగ్గరి పల్లెలో అతని తండ్రి వెంకటయ్య ఒగ్గు పూజారి. మల్లన్న కథ చెప్పే ముందు పసుపు, కుంకుమ, తెల్లపిండి, పచ్చాకు పొడితో నేల మీద దేవుడి పట్నం అనే పెద్ద ముగ్గు వేయడంలో ఆయనకు పేరుంది.

త్ర్యంబకానికి కావలసింది సరిగ్గా ఆ చెయ్యే. రక్తజిహ్వను కపాలం నుంచి ఒంట్లోకి దించాలంటే యంత్రం కావాలి. తన పాచి చేతులతో ఎన్ని గీసినా అది దిగలేదు. దేవుడికి గీసే చెయ్యి గీసిన పట్నంలో, దేవుడు కూర్చునే చోట కపాలాన్ని పెడితే... ఆహా, అంత మైల పడితే ఏ క్షుద్రశక్తి మాత్రం దిగదు! చివరి ఆట నేల మీద ఆడదామనీ, నక్షా బదులు పట్నం వేయమనీ కొమురెల్లిని అడిగాడు. పట్నం ఆటలకు వేసేది కాదనీ, బాపుకు తెలిస్తే ఇంట్లోకి రానివ్వడనీ కొమురెల్లి మొదట ఒప్పుకోలేదు. అయితే నీకు రాదన్నమాట, అన్నాడు మాస్టరు. ఆ ఒక్క మాట పనిచేసింది. నాకా రానిది అంటూ చొక్కా చేతులు మడిచాడు. కళ ఉన్నవాడికి పొగరు గిల్లితే చాలు కదా.

మాస్టరు వంటగదిలో బజ్జీలు దింపుతుండగా కొమురెల్లి హాల్లో పట్నం వేశాడు. చిటికెతో పిండి జారుస్తూ, పెదవుల కింద పాట పాడుకుంటూ వేశాడు. వాళ్ల ఇళ్లలో పిల్లలకు గీత విడిగా, పాట విడిగా నేర్పరు. ఫలానా చరణం దగ్గర ఫలానా గీత తిరుగుతుంది. పాట ఆగితే చెయ్యి ఆగిపోతుంది. మల్లన్నను భార్యలు మేడలమ్మతో, కేతమ్మతో కలిసి రమ్మని పిలిచే పాట అది. ఏం పాడుతున్నాడో అతనికే ధ్యాస లేదు. నూనె చిటపటల్లో మాస్టరుకు వినిపించనూ లేదు.

దీప వచ్చింది. బజ్జీలు రెండు చేతులా తింది. ముగ్గురూ పట్నం మీద కూర్చున్నారు, మాస్టరు నట్టనడుమ, తెర చాటున. నడుమ కూర్చోవద్దు సార్ అని కొమురెల్లి నసిగాడు కానీ మాస్టరు వినిపించుకోలేదు.

ఉరుము! కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి... గుడ్లగూబ మళ్లీ కూసింది... త్ర్యంబకం మనిషి ఎముకతో చెక్కిన డైస్‌ను నాలుకతో తడిపి దీప చేతిలో పెట్టాడు. ఆ ఎంగిలి ఆమె అరచేతిలో జిగురుగా సాగింది.

"రాక్షసి నీ దోస్తును పట్టుకున్నది," అన్నాడు తియ్యగా. "నీ ప్రాణం ఇస్తె ఇడుస్తనంటాంది. ఏం జేస్తవ్ బిడ్డా?"

"ఇస్త," అంది దీప. "నా ప్రాణం నేనిచ్చిన."

డైస్ దొర్లింది. ఎంత పడిందో ఎవరూ చూడలేదు. గాలి విసురుకు అట్ట తెర ఎగిరిపోయింది... నడుమ కపాలం! దాని కంటి గుంటల్లోంచి నల్లటి జిగట పొంగుతోంది! దీప వెల్లకిలా పడింది. కళ్లు తేలేసింది, నాలుక గడ్డం దాకా వేలాడింది. ఆ జిగట పాకుతూ వెళ్లి ఆమె పాదాలను పట్టుకుంది. ఆమె గొంతులోంచి ముసలి నవ్వు ఒకటి గరగరమంది. ఆ నోరు తన కింది పెదవిని తానే నమలడం మొదలుపెట్టింది!

కొమురెల్లి ఆమెను లాగబోయాడు. ఒళ్లు బండలా కదలలేదు.

"ఆమె ఖతమయింది," అన్నాడు త్ర్యంబకం, జొల్లు తుడుచుకుంటూ. "తన నోటితోనే ఇచ్చింది. ఇప్పుడది ఖాళీ కొంప. నా తల్లి దిగుతాంది. మీరు తిన్న బజ్జీలు గూడ శవాల కొవ్వుల ఏంచినయే. లేసినవంటే నిన్ను గూడ ఆమెకే పెడ్త."

కొమురెల్లి వెనక్కి జరిగాడు. ఆ మాస్టరు చెయ్యి తాను నెలల తరబడి ముట్టుకున్నాడు, ఆ బజ్జీలు తాను తిన్నాడు. కడుపులోది అక్కడే కక్కేశాడు. కక్కుతూ తల వంచినప్పుడు నేల మీద తన గీతలు కనిపించాయి. ముగ్గురు మీద కూర్చున్నా ఏ గీతా చెదరలేదు, పొడి రేణువైనా గాలికి లేవలేదు. అప్పుడు గుర్తొచ్చింది. పట్నం వేస్తే దేవుణ్ణి పిలిచినట్టేనని బాపు అంటాడు. పిలిచాక పాట గట్టిగా పాడి, పట్నం తొక్కి సాగనంపాలి. తొక్కకుండా వదిలితే వేసినవాడి వంశం మిగలదు. తొక్కేవాడు ఉపవాసం ఉండాలి, తల స్నానం చేసి ఉండాలి. తానేమో శవం కొవ్వు తిన్న నోటితో ఉన్నాడు. దేవుడు వస్తే ముందు తననే కాల్చేస్తాడేమో! అయినా దీప పెదవి నుంచి కారుతున్న రక్తం చూశాక ఆ భయం వెనక్కి పోయింది.

లేచి నిలబడ్డాడు. పాట ఎత్తుకున్నాడు.

త్ర్యంబకం పకపకా నవ్వాడు. రెండో చరణానికి ఆ నవ్వు ఆగింది. పసుపు వాసన... ఎక్కడిదో ఒగ్గు డమరుకం మోత... నేల కింది నుంచా, ఉరుములోంచా తెలియదు! దీప పాదాలను పట్టిన నల్లటి జిగట పొయ్యి మీద నీళ్లు చల్లినట్టు చుయ్యిమంది. ఖాళీ కొంప అన్నాడు కదా, నిజమే. పేరూ నీడా ప్రాణమూ తీసి, ఊడ్చి, తలుపులు బార్లా తెరిచి పెట్టింది వాడే. ఆ తలుపులోంచి ముందుగా వచ్చింది ఆ పాట పిలిచినవారు!

దీప లేచింది. జడ విడిపోయింది, కళ్లు పెద్దవయ్యాయి. కేక వేయలేదు. మెల్లగానే అడిగింది.

"నా ఇంట్ల నడుమ కూసున్నదెవడు?"

"ఇది నా ఆట," అన్నాడు త్ర్యంబకం. "ఈడ మాస్టర్ను నేను."

ఆమె అతని వైపు తిరిగింది. పట్నం తొక్కుతూ వచ్చింది. అడుగు పడ్డ చోటల్లా నేల కంపించింది. నడుమకు వచ్చి కపాలం మీద కాలు మోపింది. అది ఫటేల్మని పగిలింది!

గూడు చెదిరిన రక్తజిహ్వ హాలంతా సుళ్లు తిరిగింది. దానికి ఒళ్లు కావాలి, అది కూడా నోటితో ఇచ్చిన ఒళ్లు. ఇచ్చినవాడు అక్కడే ఉన్నాడు! రోజూ పూజలో కపాలం ముందు సాగిలపడి, "అమ్మా, నా సర్వస్వం నీకే ఇచ్చాను" అని జపించింది ఎవడు? మంత్రంలో మాటే కదా అనుకున్నాడు వెధవ. అది వాడి నోట్లోంచే లోపలికి దూరింది!

తరువాత జరిగింది చూసే ఓపిక మనిషన్నవాడికి ఉండదు. వాడి నాలుక ఉబ్బి, నల్లబడి, పళ్లను బయటికి తోసింది. కడుపు పొంగింది. చర్మం కింద ఏవో పాకాయి... పగిలాయి... పురుగులు! తెల్లగా, కొవ్వెక్కిన పురుగులు! వాటితోపాటు శవాల నూనె, అత్తరు వాసన, ఎన్నేళ్ల పాపమో కుళ్లి కారింది. "నేనియ్యలే" అని అరవబోయాడు. అరవడానికి నాలుక మిగల్లేదు. పిడుగు పడింది. ఆ వెలుగు తగ్గేసరికి వాడు కూర్చున్న చోట బకెట్టెడు మురికి మాత్రం ఉంది. ఛీ, ఇంతకన్నా చెప్పను.

వాన మొదలైంది. పాట చివరి చరణం ముగిసింది. పట్నంలో ఒక్క గీత కూడా మిగలకుండా తొక్కి, దీప దభాలున కూలిపోయింది.

కొమురెల్లి పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. వచ్చినవారు వెళ్లిపోయారు. మరి ఇప్పుడు లోపల ఎవరున్నారు? తన నోటితో ఇచ్చేసింది కదా పిల్ల. ఇచ్చింది తిరిగి వస్తుందా? ముట్టుకోవడానికి భయం వేసింది. ఒంటి మీదికి వచ్చినవాళ్లను వాళ్ల బాపు అడిగే పద్ధతిలోనే అడిగాడు.

"ఎవలు నువ్వు?"

కనురెప్పలు కదిలాయి. నెత్తురోడే పెదవి కదిలింది.

"దీపను," అంది. "నోరంత గలీజుగున్నది. నీళ్లియ్యి."

అతను ఏడుస్తూ సీసా తెచ్చి ఇచ్చాడు. ఆమె లేచి కూర్చుంది, నోటినిండా నీళ్లు పట్టి పుక్కిలించింది. ఎక్కడ ఉమ్మాలా అని చుట్టూ చూసింది. గది నడుమ ఉన్న ఆ మురికి కనిపించింది. సరిగ్గా దాని మీద ఉమ్మేసింది.