గోడ మీది నోయెల్

ఎఫ్రాయిన్ వస్తూనే కుర్చీలో కూలబడ్డాడు. మిలీ ఇచ్చిన కాఫీ కప్పును రెండు చేతులతో పట్టుకున్నా, వణుకుకి సగం ప్యాంటు మీదే ఒలికింది. ఆమె చూడనట్టే ఉండి, రెండో కప్పు సగానికే నింపి ఇచ్చింది.

"నన్ను లోపలేస్తారు, డాన్ ఇసిద్రో. పెరోల్ మీదున్నవాణ్ణి. ఇంకొక్క కేసు పడితే జైల్లోనే చస్తాను. గోడ మీది నోయెల్ ముఖానికి నేను తెల్లరంగు పూశానట! నేను!"

రొట్టెల దుకాణం పైన ఆ ఒంటిగది ఆఫీసులో, పేటంతా గౌరవంగా డాన్ అని పిలిచే ప్రైవేట్ డిటెక్టివ్ ఇసిద్రో కింటానా కళ్ళజోడు తుడుచుకుంటూ విన్నాడు. ఆయన సహాయకురాలు మిలీకి తెలుసు, తుడుస్తున్నాడంటే చెవులు పనిచేస్తున్నాయని.

వలసజనం పేట లోయిసైదా వీధుల్లో నోయెల్ సాంతోనిని ఎరగనివాళ్ళు లేరు. మేడల మీద నాటకాలు ఆడించాడు, బస్సుల్లో కవిత్వం చదివాడు, దొరికినచోటల్లా అప్పుచేశాడు, మత్తుసూదికి నలభై నిండకుండానే పోయాడు. పోయినప్పుడు ఒక స్నేహితుడు వీధిమలుపు గోడ మీద అతని ముఖం గీశాడు. ఆ చిత్రకారుడూ తర్వాత పోయాడు. ఇప్పుడు నోయెల్ జీవితం సినిమాగా తీస్తున్నారు. చివరి దృశ్యం ఆ గోడ ముందే తీయాలి. నిన్న తెల్లవారేసరికి ముఖం లేదు.

"నీ మీదే అనుమానం ఎందుకు?" అన్నాడు ఇసిద్రో.

"డైరెక్టర్‌తో గొడవపడ్డానుగా. నోయెల్‌కి సూది అలవాటు చేసింది నేనేనని రాశారు." ఎఫ్రాయిన్ తల వంచుకున్నాడు. "అది నిజమేలెండి. వాడి ముక్కు వంకరకీ నేనే కారణం. చిన్నప్పుడు నా మీదికొచ్చిన పోలీసు లాఠీకి అడ్డం పడ్డాడు. అలాంటివాడి ముఖం చెరుపుతానా?"

గోడ దగ్గర ఇసిద్రో చాలాసేపు నిలబడ్డాడు. పేరు, పుట్టిన, పోయిన సంవత్సరాలు చెక్కుచెదరలేదు. ముఖం మేరకే పాలరంగు, అంచు పెన్సిలుతో గీసినట్టు నిదానంగా తిరిగింది. కింద గాజుగ్లాసుల్లో కొవ్వొత్తులు. ఒక్కదాని మీదా రంగు చుక్క పడలేదు. పడకుండా ఎవరో వాటిని పక్కకు తీసి, మళ్ళీ బారుగా పేర్చారు.

"పగతో వచ్చినవాడు కొవ్వొత్తులు సర్దుతాడా, మిలీ?"

మిలీ వంగి గ్లాసుల వరస చూసింది.

డైరెక్టర్ వెస్టన్ కోపంతో ఊగిపోతున్నాడు. పోయిన వారం తీసిన గోడబొమ్మ ఫొటో చూపించాడు. "ఎంత గొప్ప ముఖమో చూడండి! మా ఆదాన్‌ని పక్కన నిలబెడితే అన్నదమ్ములంటారు." నిజమే, తిన్నని ముక్కు, అందమైన ముఖం. నోయెల్ వేషం కట్టిన ఆదాన్ మాత్రం ఫొటో వంక చూడకుండా బూట్లవైపు చూస్తున్నాడు. అతనూ ఈ పేట వలసజనంలోంచి వచ్చిన కుర్రవాడే.

నోయెల్ తల్లి ఒతీలియా గోడకు ఎదురింట్లో ఉంటుంది. పేటలో అందరికీ ఆమె డోన్యా, అంటే పెద్దమ్మగారు. వంటింటి గోడకు కొత్తగా పాలరంగు వేసి ఉంది. ఈ వీధి ఇళ్ళన్నిటికీ అదే రంగని మిలీ పట్టించుకోలేదు. ముసలామె వాళ్ళకు రొట్టె తుంచి పెట్టింది.

"రోజూ పొద్దున్నే గోడ దగ్గర ఆగి కొడుకును దీవించేవారటగా, డోన్యా? ముఖం పోకముందే మానేశారట?" అన్నాడు ఇసిద్రో.

"మోకాళ్ళ నొప్పి, నాయనా."

కానీ ఆ రొట్టె తెచ్చుకున్న దుకాణానికి దారి ఆ గోడ ముందునుంచే.

మర్నాడు మధ్యాహ్నం ఇసిద్రో అందరినీ గోడ దగ్గరికి పిలిచాడు. ఒతీలియా కూడా వచ్చింది. ఆదాన్ ఎక్కణ్ణుంచో ఒక పాల డబ్బాల పెట్టె తెచ్చి, బోర్లించి, ఆమెను కూర్చోబెట్టాడు.

"ఎఫ్రాయిన్ చేతులు కాఫీ కప్పునే పట్టుకోలేవు. ఈ అంచు గీసిన చెయ్యి వణకలేదు," అన్నాడు ఇసిద్రో. "ఇది పగ కాదు. పగవాడు పేరు ముందు చెరుపుతాడు. మిస్టర్ వెస్టన్, మీ ఫొటోలో ముక్కు తిన్నగా ఉంది. నోయెల్ ముక్కు వంకర. దాన్ని ఎవరు సరిచేశారు?"

వెస్టన్ తడబడ్డాడు. "కాస్త... మెరుగులు దిద్దించాం. నటుడికీ గోడకీ పోలిక కుదరాలిగా. అది సినిమా అండీ!"

"నాకు తెలుసు. నోరు మెదపలేదు," అన్నాడు ఆదాన్ మెల్లగా.

ఇసిద్రో ఒతీలియా వైపు తిరిగాడు. ఎవరు చేశారో చెప్పడం ఆమెకే వదిలేశాడు. ఆ మాత్రం దయ ఆయనకుందని మిలీ అనుకుంది.

"నేనే," అంది ముసలామె. "నా చూపు మందం. వీళ్ళు ముఖం మార్చినా తెలియక దీవిస్తూనే ఉన్నాను. ఒకరోజు దగ్గరికెళ్ళి ముక్కు తడిమితే... గీతలు వేరు. ఎవడో పరాయివాడికి దీవెనలిచ్చాను, నాయనా. ఇప్పుడు కళ్ళు మూసుకున్నా ఈ అబ్బాయే కనిపిస్తున్నాడు. అంచు వేలితో తడుముకుంటూ రంగు పూశాను. వీణ్ణి చెరిపేస్తే నావాడొస్తాడనుకున్నాను."

వెస్టన్ ముఖం కందిపోయింది. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్నాడు. "దిద్దకముందు మేం ఫొటో తీసుకోలేదు. నోయెల్ పాత ఫొటో ఒకటివ్వండి. ఉన్నదున్నట్టు మళ్ళీ గీయిస్తాను. ప్రమాణం."

"ఫొటోలా? ఇంటి ఓనరు బీమా డబ్బు కోసం మా పాత బిల్డింగు తగలబెట్టినప్పుడే పోయాయి. ఆ తర్వాత మావాడు కెమెరాకి దొరికితేగా."

"నేను చెప్తాను!" ఎఫ్రాయిన్ ముందుకొచ్చాడు. జైలు తప్పిందన్న సంగతే మరిచాడు. "దెబ్బ నా ముందే తగిలింది. ముక్కు ఎడమకి వంగేది."

ఒతీలియా తలెత్తింది. "కుడికిరా."

"ఎడమకే, డోన్యా."

"కన్నదాన్ని నేను. కుడికి."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎఫ్రాయిన్ చెయ్యి గాల్లోకి లేచింది, నోయెల్ ముఖం గుర్తుచేసుకుంటూ వేలితో ఎడమకి గీసింది, ఆగింది, కుడికి గీసింది. తర్వాత కిందికి దిగిపోయింది.

మిలీ ఇసిద్రో వంక చూసింది. అన్నీ కనిపెట్టే మనిషి కళ్ళజోడు తుడుస్తూనే ఉన్నాడు.

ఒతీలియా లేచింది. ఆదాన్ మోచెయ్యి అందిస్తే పట్టుకుంది. గోడ దగ్గరికి నడిచి, ఆ తెల్లటి ఖాళీ మీద అరచెయ్యి ఆనించి, పొద్దున్నే చెప్పే మాట చెప్పింది.

"దేవుడు నిన్ను చల్లగా చూడాలి, బాబూ."