యాకయ్య నాడి

తెల్లారితే చాలు, అనసూయమ్మ పెరటి గుమ్మం ముందు చేతులు చాచుకుని జనం కూర్చునేవాళ్లు. అన్న కిషన్ రావుకు కొత్తవాడలో జంపఖానాలు నేసే కార్ఖానా ఉంది. అక్కడి పనివాళ్లందరికీ ఆవిడే నాడి చూసి మందిచ్చేది. పరగడుపున, మగవాళ్లకు కుడిచేయి, ఆడవాళ్లకు ఎడమచేయి. తండ్రి నేర్పిన విద్య.

ఆ సోమవారం ఒక్కరూ రాలేదు. చివరికి యాకయ్య వచ్చాడు గానీ చేయి చాచలేదు. ఇరవై రెండేళ్లుగా మగ్గం మీదున్న మనిషి.

"నన్ను మగ్గం దించి గేటు కాడ కూసోవెట్టిన్రు అక్కా. నాది వాతం ఒళ్లట, నిలకడుండదట. కంప్యూటర్ల వచ్చిందట."

"ఎవరన్నరు?"

"నువ్వే చెప్పినవట గద. నేను చెయ్యి నీకిచ్చిన. నువ్వు మిషన్‌కిచ్చినవ్."

జవాబు వినకుండానే వెళ్లిపోయాడు.

అనసూయమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. నెల కింద అన్న కొడుకు శ్రీనివాస్ పక్కన కూర్చుని, "అత్తమ్మా, ఎవరి ఒళ్లు ఎట్లాంటిదో చెప్పు, మందుల లిస్టు రాసిపెడత" అన్నాడు. కంప్యూటర్ కోర్సు చదివొచ్చిన పిల్లవాడు తన విద్యకు విలువిచ్చాడని మురిసిపోయి అన్నీ చెప్పింది. ఎంత పిచ్చిది!

ఆవిడ లోపలికి వెళ్లేసరికి శ్రీనివాస్ టిఫిన్ తింటున్నాడు.

"మందులకని నాతోని అబద్ధం చెప్పినవ్ గదరా."

"అంతా నీ శాస్త్రమే అత్తమ్మా. ఎవరు ఏ పనికి పనికొస్తరో ప్రోగ్రాం చెప్తది. యాకయ్యకు వాతమని నువ్వే అన్నవ్."

"వాతం పెరిగిందన్న. బిడ్డ కాన్పని మూడు దినాలు దవాఖానల నిద్ర లేకుండ ఉన్నడు. అది ఆ పొద్దుటి నాడి. పుట్టుకతోని ఆయనది కఫం ఒళ్లు. అందుకే ఇన్నేండ్లు కదలకుండ నేసిండు."

శ్రీనివాస్ ప్లేటు పక్కకు జరిపాడు. ఆవిడ అతని మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించింది.

"దడదడ కొట్టుకుంటాంది. ఇది రాసుకొని, వీడు పుట్టు పిరికోడు, కార్ఖానా ఇయ్యకని మీ నాయనకు చెప్పనా?"

"తప్పైంది అత్తమ్మా. ఇప్పుడే పోయి మళ్ల మగ్గం మీద కూసోవెడత."

"మగ్గం నువ్విస్తవ్. నామీద నమ్మకం ఎవలిస్తరు?" అంటూ ఆవిడ ఏడ్చేసింది.

మధ్యాహ్నం ఆవిడే కార్ఖానాకు వెళ్లింది. యాకయ్య మళ్లీ మగ్గం మీద ఉన్నాడు.

"నీ నాడి ఇంకొకలకు చెప్పుడు నా తప్పే, యాకయ్యా."

అతను మగ్గం ఆపాడు.

"బిడ్డకు పాలు పడ్తలేవక్కా. రేపు తోల్కస్త. నా చెయ్యి మాత్రం ఇప్పుడే అడగకు."

సరేనంది అనసూయమ్మ. పాలు పడడానికి ఏమివ్వాలా అని ఆలోచిస్తూ నడుస్తుంటే, దారంతా కళ్లు నిండుతూనే ఉన్నాయి.