నమలని వీడెము

తూర్పున తుమ్మలేరును, పడమట ఇరుకైన కుక్కలకనుమను కాపుంచుకొని, నల్లరాతి మిట్టమీద ఠీవిగా కూర్చున్న వేల్పుగొండ దుర్గంలో ఆ ఉదయం నగారాలు మ్రోగుతుండగా, పట్టుతలపాగాల సామంతులు, విభూతిరేఖల పండితులు, మీసాలకు నూనె రాసుకొచ్చిన దళవాయులు కొలువుకూటానికి ఏరులా కదలివచ్చారు. అంగళ్ళు మూయించారు. ఏనుగులకు కుంకుమ పెట్టారు. చూసేవారికి పెళ్ళిలాగే ఉంది. జరగబోయేది రాజ్యానికి కర్మకాండ అని ఎరిగినవారు ఆ కూటంలో ఇద్దరే. ఒకడు ముసలి సేనాని పోలమనాయకుడు; మరొకరు తెర వెనుక కూర్చోబెట్టిన రాజమాత మైలాంబ.

వల్లభదేవుడు పట్టమెక్కి ఏడాది నిండలేదు. తండ్రి పోయింది మొదలు వానలు మొహం చాటేశాయి; పడమటి ప్రభువు జగదేవుడు సరిహద్దు పల్లెల మందలను తోలుకుపోతున్నాడు. భయపడిన కుర్రరాజుకు మహామంత్రి గుండయామాత్యుడు ఒక మందు తయారుచేసి తెచ్చాడు. దానికి 'పూర్వమర్యాదా విధానము' అని పేరు పెట్టాడు.

"ప్రభూ!" అని గుండయామాత్యుడు గొంతు సవరించాడు. "తమ తాతగారి కాలమున వానలు కురిసినవి, శత్రువు గడప తొక్కలేదు. ఏల? ఎవరి చోటు వారెరిగి యుండిరి. తమ తండ్రిగారు దయామయులు. ఆ దయతో చోట్లన్నియు కలిపివేసిరి. కొండబోయలకు కనుమకాపు నొసగి, వారి చేతికి స్వహస్తముతో వీడెమిచ్చిరి. స్త్రీలు సభలో పలికిరి. ఇకమీదట పుట్టుకను బట్టియే కొలువు. కనుమకాపు కులీనులైన రాచబంట్లది. బోయలకు వీడెము నేలమీద, ఆకులో. అంతఃపురము అంతఃపురమునందే. గోడ వాలినపుడు పునాదిని చూచుకొనవలదా?"

కూటం మారుమ్రోగింది. మాట తీయగానే ఉంది మరి. భయంలో ఉన్నవాడికి పాతకాలం ఎప్పుడూ తీయగానే ఉంటుంది; అందులో ఆకలితో చచ్చినవాళ్ళు లేచివచ్చి సాక్ష్యం చెప్పరు కదా!

"గుండయా," అంది తెర వెనుక గొంతు. "ఏ తాతగారి కాలం నాయనా?"

సభ ఉలిక్కిపడింది.

"మా మామగారి తాత ఈ గుట్టమీద ఎనుములు కాసేవాడు. ఆయన నొసట మొదటి తిలకం దిద్దినవాడు బోయల పెద్ద, తన బొటనవేలి నెత్తుటితో. అంత వెనక్కి పోదామా? లేక మీ తాతకు మంత్రి ఉద్యోగం వచ్చిన రోజు దగ్గర ఆగిపోదామా?"

వెనుక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వి, దాన్ని దగ్గుగా మార్చుకున్నారు.

"రాజమాత పలుకుటయు ఈ విధానమున నిషిద్ధమే," అన్నాడు గుండయ చేతులు జోడించి. "నేటికి మాత్రము క్షంతవ్యము."

"రేపటి నోరు ఈ రోజే కుట్టేశావు. చురుకైనవాడివే!"

అప్పుడు పోలమనాయకుడు లేచాడు. వల్లభదేవుణ్ణి మొదట గుర్రమెక్కించిన చేతులు ఆయనవి.

"ప్రభూ! నాకు శాస్త్రములు తెలియవు. పుట్టుక గురించి పండితులు వాదించుకొందురు గాక. కనుమ సంగతి మాత్రం విన్నవిస్తాను. ఆ కొండ బోయలకు కాపుచోటు కాదు, ఇల్లు. ఇంటివాణ్ణి వెళ్ళగొట్టి వాకిలి ఎవరికి అప్పగిస్తాము? వారి పెద్ద ఓబన్న మనుషులను అవమానించినా వారు జగదేవుడి పంచన చేరరు, అంత నీచులు కారు. ఊరకే కూర్చుంటారు. మనం నాశనమవడానికి అది చాలు."

గుండయామాత్యుడి పెదవిమీద చిరునవ్వు మొలిచింది. "వింటిరా ప్రభూ! వారు శత్రువును చేరరని సేనానియే సెలవిచ్చుచున్నాడు. ఇక భయమేల? అవసరమైనచో పిలుతుము, వత్తురు."

సామంతులు తలలూపారు. తన మాటనే తిప్పి తన మెడకు చుట్టినప్పుడు యుద్ధం తప్ప మరొకటి ఎరగని మనిషి ఏం చేయగలడు? పోలమనాయకుడు కూర్చున్నాడు.

వేల్పుగొండలో ఒక ఆచారం ఉంది. శాసనం చదివాక రాజు తన చేత్తో దళపతులకు వీడెమిస్తాడు. అందుకున్నవాడు ఒప్పుకున్నట్టు, అందుకోనివాడు రాజద్రోహి. ఒప్పుకోను, అయినా ద్రోహిని కాను అనేవాడికి ఆ ఆచారంలో నిలుచునేందుకు చోటు లేదు.

వల్లభదేవుడు తమలపాకుల చుట్టతో చేయి చాచాడు. "మామా," అన్నాడు మెల్లగా, "కాదనకు."

పోలమనాయకుడు మోకరిల్లి వీడెమందుకున్నాడు. అందరిలా నోట పెట్టుకోక నడుముకట్టులో దోపుకొని, తలెత్తకుండా వెళ్ళిపోయాడు.

కనుమకు ఆజ్ఞ మోసుకుపోవలసినవాడూ ఆయనే.

"ఏం దొరా, వట్టిచేతుల్తో వచ్చినావు?" అని బోయ ఓబన్న ఎదురొచ్చాడు. "జాతరకు మేకపోతునంపిస్తానంటివే!"

సేనాని సంగతంతా చెప్పాడు. ఓబన్న ఒక్కటే అడిగాడు.

"వీడెం నువ్వు తీసుకున్నావా?"

"తీసుకున్నాను."

"అయితే ఇంక మాట్లాడేదేముంది." మెడలోని కొమ్ము తీసి చేతిలో పెట్టాడు. "మీ బంట్లకు ఊదేది నేర్పిపోనా?"

"వద్దులే. అంత ఊపిరి వాళ్ళకెక్కడిది?"

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు ఎవరికీ మంచి చేయలేదు.

మంచు దిగే కాలంలో జగదేవుడు సేనతో వచ్చిపడ్డాడు. కొత్త కాపలాదారులు పొగమంచులో తమలో తాము బాణాలు వేసుకొని, కనుమ పడమటి మొగదల వదిలి పారిపోయివచ్చారు. అప్పుడు అందరికీ బోయలు గుర్తొచ్చారు. వల్లభదేవుడు స్వయంగా కొండపాదానికి వెళ్ళాడు. వెనుక మంత్రి, సామంతులు. ఓబన్న దిగివచ్చి నిలుచున్నాడు.

రాజు వీడెం తీసుకొని చేయి ముందుకు చాచబోయాడు.

"ప్రభూ," అని గుండయ గొణిగాడు. "నేల. తమ శాసనము తామే తప్పినచో రేపు ఈ సామంతులు తమ మాటను లెక్కచేయుదురా?"

రాజు వెనుదిరిగి చూశాడు. అందరి కళ్ళూ తన చేతిమీదే. చుట్టూ అంతమంది తనవాళ్ళే ఉన్నా, ఆ చేయి కదిలించే స్వేచ్ఛ మాత్రం ఆయనకు లేదు. వంగి, వీడెం నేలమీది ఆకులో ఉంచాడు.

"మీ నాయన చేతిలో పెట్టేవాడు బాబూ," అన్నాడు ఓబన్న. కోపం లేదు ఆ గొంతులో, జాలి ఉంది. "నేలమీదిది ఏరుకుంటే అది వీడెం కాదు." కొండెక్కి వెళ్ళిపోయాడు.

ఆ మరునాడు పోలమనాయకుడు మిగిలిన రాచబంట్లను వెంటబెట్టుకొని కనుమకు నడిచాడు. "గెలుస్తారా?" అని మైలాంబ అడగలేదు. "భోంచేసి వెళ్ళు పోలమా," అంది. అంతకుమించి ఆమె చేతిలో మాత్రం ఏముంది?

బంట్లు మొదటి ఏనుగును చూసి చెదిరారు. ఇరుకుదారి నడుమ ఆ ముసలివాడొక్కడే అడ్డంగా నిలిచి, పొద్దు వాలేదాకా పోరి, అక్కడే ఒరిగిపోయాడు.

శత్రువుల నగారాలు తరుముకొస్తుండగా, కొండ అడ్డదారిన ఓబన్న ఆ దేహాన్ని భుజాన మోసుకొచ్చి కోటవాకిట దించాడు.

"వీడెం కోసం రాలేదమ్మా," అన్నాడు మైలాంబతో. "మావోడి కోసం వచ్చినా."

ఆమె తెర దాటి, వాకిలి దాటి, నలుగురిలోకి వచ్చింది. ఆపేవాడు లేడు. మహామంత్రి అప్పటికే లోపల, జగదేవుడికి ఏ పళ్ళెంలో హారతి పట్టాలి, తనకు ఏ పక్క పీట వేయాలి అని పూర్వమర్యాద విచారిస్తున్నాడు.

మైలాంబ సేనాని నడుముకట్టు సడలించింది. అందులోంచి ఎండి ముక్కలైన తమలపాకు రాలింది, వక్కతో సహా.

"నమలలేదమ్మా," అన్నాడు వల్లభదేవుడు, పసివాడిలా వెక్కుతూ. "మామ ఒప్పుకోలేదు!"

మైలాంబ ఆ ఆకుపొడిని కొడుకు అరచేతిలో పోసింది.

"తీసుకున్నాడు కదా నాయనా," అంది. "రాజ్యం కూలడానికి అది చాలింది."

కోట పడమటి తలుపు విరిగిన చప్పుడు వినవచ్చింది.